పదసంపద కోసం ఏ నవల పట్టుకోవాలి? నాలుగు పాత తెలుగు నవలల పోలిక

పెద్దయ్యాక తెలుగు పదసంపద పెంచుకోవాలని సంకల్పించేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు కఠినపదాల పట్టిక ముందు పెట్టుకొని రోజుకు పది చొప్పున వల్లె వేస్తారు. మరికొందరు ఎవరో చెప్పగా విని 'వేయిపడగలు' కొని, అరవయ్యో పేజీ దగ్గర గుర్తు పెట్టి, అలమరలో దాచేస్తారు. నేను రెండూ చేసినవాణ్ణే. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేది ఏ నవల గొప్పది అన్న విచారణ కాదు. ఏ అవసరం ఉన్నవారు ఏ నవలతో మొదలుపెడితే మాటలు నిలుస్తాయన్న విచారణ.

ముందుగా పట్టిక ఎందుకు పనికిరాదో ఒక అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా ఊరి గుడి జీర్ణోద్ధరణ కరపత్రానికి చిత్తుప్రతి రాస్తూ, అప్పుడే నేర్చుకున్న 'కైంకర్యం' అన్న మాటను మోజు కొద్దీ వాడి, దాతలు ఇచ్చిన సొమ్మును కమిటీ సభ్యులు కైంకర్యం చేశారని రాశాను. కింకరుడు చేసే పని కైంకర్యం, అంటే సేవ. ఆ సొమ్మును స్వామి సేవలో వినియోగించారన్నది నా ఉద్దేశం. చిత్తు చదివిన పెద్దాయన కళ్లద్దాలు సవరించుకొని, "ఎంత మింగారేమిటి నాయనా?" అని అడిగారు. స్వామి కైంకర్యం, నిత్యకైంకర్యం అన్నప్పుడు సేవ అయ్యే ఆ మాట, 'సొమ్ము కైంకర్యం చేశాడు' అన్నప్పుడు స్వాహా చేయడం అవుతుందని నా పట్టికలో లేదు. మాటకు అర్థం ఎంత ముఖ్యమో, అది ఏ మాటల పక్కన కూర్చుంటుందన్నది అంతే ముఖ్యం. నవల నేర్పేది ఈ రెండోదాన్నే. ప్రబంధాలు మాటలు ఎక్కువ ఇస్తాయి గాని వాటిలో చాలాభాగం మన వచనంలో ఇమడవు. దినపత్రిక ఇచ్చే మాటలు ఇమడతాయి గాని అవి కొన్ని వందలే, వాటినే తిప్పి తిప్పి వాడతారు. ఈ రెంటికీ నడుమ ఉన్న చోటు నవలది.

ఎంపికకు కొలత ఒకటే: నేర్చుకున్న మాటలను మీరు ఎక్కడ ఖర్చు చేయబోతున్నారు? పోటీ పరీక్షల వ్యాసాలలోనా, పత్రికా రచనలోనా, అనువాదంలోనా, కోర్టు కాగితాలలోనా, లేక పాత సాహిత్యం చదవడానికా? దీనికి జవాబు చెప్పుకోకుండా పేరును బట్టి పుస్తకం కొంటే, అలమరలో నెమలీక పెట్టిన పుస్తకాల సంఖ్య పెరుగుతుంది తప్ప మరేమీ జరగదు.

గ్రాంథికపు గడప: రాజశేఖర చరిత్రము

కందుకూరి వీరేశలింగం ఈ నవలను 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలో ప్రకటించడం మొదలుపెట్టారు. గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ఛాయలు ఉన్నా, కథ మాత్రం ధవళేశ్వరంలో ఉన్న రాజశేఖరుడి ఇంటిది. ముఖస్తుతులకు లొంగి, బంగారం చేస్తామన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకొని ఊరు విడిచిన గృహస్థు కథ. పదసంపద దృష్టితో దీనిలో మూడు సుగుణాలు ఉన్నాయి. నవల చిన్నది, వాక్యం గ్రాంథికమైనా కథ వేగంగా నడుస్తుంది, ఇల్లు, బంధువులు, ప్రయాణం, జాతకం, అప్పులు వంటి తెలిసిన విషయాలే కాబట్టి తెలియని మాటకు అర్థం చాలాసార్లు సందర్భమే చెబుతుంది.

అయితే గ్రాంథికం కొత్తవారిని మొదటి ముప్పై పేజీలలో ఒక విచిత్రమైన చిక్కులో పడేస్తుంది. 'వానిఁ జూచి' అని ఉంటుంది. పాఠకుడు నిఘంటువు తెరిచి 'జూచి' కోసం జ-కారంలో వెతుకుతాడు, దొరకదు. అసలు మాట 'చూచి'. ముందున్న పదం చివర న-కారం, అంటే ద్రుతం, ఉన్నప్పుడు తరువాతి క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారతాయి; చిన్నయసూరి బాలవ్యాకరణంలోని 'పూచెఁ గలువలు' దీనికి బడిపిల్లలందరూ వల్లించిన ఉదాహరణ. అలాగే ప్రథమావిభక్తి, అంటే కర్తను తెలిపే రూపం, మీద ప-కారం వ-కారంగా మారి 'వాఁడు వోయె' అవుతుంది. దీన్ని 'పోవు' దగ్గర వెతకాలి. ఈ రెండు సూత్రాలు తెలియక గ్రాంథికమంటే కొండంత కష్టమనుకొని వదిలేసినవారిని నేను ఎందరినో చూశాను. నిజానికి వారికి తెలియనివి మాటలు కావు, మాటల తొడుగులు. ఈ తొడుగులు తీయడం ఒక పక్షం రోజుల్లో అలవాటవుతుంది. ఆ తరువాత పంతొమ్మిదో శతాబ్దపు వచనమంతా తలుపులు తెరిచిన ఇల్లే.

లోపం కూడా చెప్పాలి. ఈ నవలలోని క్రియారూపాలను ఇప్పటి రచనలో వాడలేరు. నామవాచకాలనూ విశేషణాలనూ మాత్రమే ఏరుకోవాలి. అది ముందే తెలుసుకోకపోతే, కొన్నాళ్లకు మీ ఉత్తరాలు పాత శాసనాలలా తయారవుతాయి.

పొలం, కూలి, తగవు: మాలపల్లి

నన్నడిగితే, ఎక్కువమంది మొదట పట్టుకోవలసిన నవల ఇది. ఉన్నవ లక్ష్మీనారాయణ దీన్ని వెల్లూరు జైలులో ఉండగా రాశారు; 1922లో అచ్చయిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మంగళాపురం అనే ఊరు, రామదాసు కుటుంబం, పాలేళ్ల కూలి తగవు, సంగదాసు హత్య, జైళ్లు, సంస్కరణలు అన్నీ ఇందులో ఉన్నాయి. చరిత్ర తెలిసినవారు దీన్ని దాని రాజకీయం కోసం చదువుతారు. మాటల కోసం చదివేవారికి దీనిలో దొరికే విశేషం వేరు: గుంటూరు ప్రాంతపు నుడికారంలో వ్యవసాయం, వ్యాజ్యం, వేదాంతం అనే మూడింటి పదజాలం ఒకే పుస్తకంలో దొరుకుతుంది. పొలం మాటలు వేరే పుస్తకంలో, న్యాయస్థానం మాటలు వేరే పుస్తకంలో దొరకవచ్చు గాని, ఒకే మనిషి నోట పొద్దున పొలం మాట, రాత్రి తత్త్వం మాట వినిపించే వచనం అరుదు.

ఇలాంటి నవల చదివేటప్పుడు ఒక మాట దగ్గర ఆగితే ఎంత దూరం వెళ్లవచ్చో చూపిస్తాను. కూలి గింజల్లో ఇచ్చే కాలపు కథ చదువుతున్నప్పుడు కొలతల మాటలు తెలియక తప్పదు. కోస్తాలో ఒకప్పుడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఐదు తూములను 'ఏదుము' అంటారు, పది తూములను 'పందుము' అంటారు. 'ఏదుము'లో దాగి ఉన్నది 'ఏను', అంటే ఐదుకు పాత తెలుగు మాట. ఇప్పుడు మనం ఒంటిగా ఎక్కడా వాడని ఆ సంఖ్య, ధాన్యం కొలిచేవారి నోట మాత్రం మొన్నటి దాకా బతికే ఉంది. ఇలాంటి మాటలు పెద్ద నిఘంటువుల్లోనూ కొన్నిసార్లు దొరకవు. వాటికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, అంటే వ్యవసాయ పదకోశం, చూడాలి. పత్రికల్లో పనిచేసేవారి బల్ల మీద ఈ పుస్తకం ఎందుకు కనబడదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

'మాలపల్లి'కి ఉన్న ఇబ్బంది నిడివి. కథ మధ్యలో ఆగి చర్చలు పేజీలకు పేజీలు సాగుతాయి. ఆ చర్చలను మొదటి చదువులో దాటేసినా పదసంపదకు పెద్ద నష్టం లేదు.

వేయిపడగలు: ముందు కాదు, తరువాత

విశ్వనాథ సత్యనారాయణ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ కోసం 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించిన నవల ఇది. బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి పంచుకుంది. పి.వి. నరసింహారావు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. సుబ్బన్నపేట అనే ఊరు, ఆ ఊరి గుడి, ధర్మారావు కుటుంబం, ఒక సంస్థానపు క్షయం. దాదాపు వెయ్యి పేజీలు.

మాటల రాశి లెక్కన దీనికి సాటివచ్చే నవల మరొకటి లేదని ఒప్పుకుంటాను. దేవాలయం, వ్యవసాయం, సంగీత నాట్యాలు, చెట్లు, పాములు, వంటలు, ఉత్సవాలు అన్నీ వాటి అసలు పేర్లతో కనిపిస్తాయి. ఒక పాత్ర పేరు చూడండి: పసరిక. పసరిక పాము అంటే చెట్ల కొమ్మల్లో ఆకుల్లో కలిసిపోయే పచ్చని పాము. ఆ పేరు దగ్గర కాసేపు ఆగితే పసరు, పసిమి, పసుపు, పచ్చ వరుసగా గుర్తుకొస్తాయి. ఇంకా కాస్త తవ్వితే పసిడి, పైడి, పైరు, చివరకు పసిబిడ్డలోని 'పసి' కూడా అదే వేరు నుంచి వచ్చినవేనని భాషావేత్తలు చెబుతారు. లేత, పచ్చన, బంగారు రంగు అనే మూడు భావాలు తెలుగులో ఒకే చెట్టు కొమ్మలు. ఎనిమిది మాటలను ఎనిమిది పేజీల పట్టికలో కంఠస్థం చేయడానికీ, ఒక పాత్రను తలచుకొని గుర్తుంచుకోవడానికీ తేడా ఇదే.

అయినా దీన్ని మొదటి నవలగా ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. మొదటి కారణం, ఒక పేజీలో తెలియని మాటలు మితిమీరితే చదువు వెతుకులాటగా మారిపోతుంది. రెండోది, ఇందులోని మాటల్లో చాలా భాగం ఆగమానికీ (అంటే గుడి పూజావిధానానికీ), అగ్రహారపు జీవితానికీ సంబంధించినవి కాబట్టి, ఆ లోకం గురించి రాయని వారికి అవి ఖర్చు కాని నాణేలు. మూడోది కొంత నా అభిప్రాయం: విశ్వనాథ వాక్యం అంటుకునే వాక్యం. మాటల కోసం వెళ్లినవారు ఆయన వాక్యపు నడకను కూడా వెంట తెచ్చుకుంటారు, అది మరొకరి చేతిలో పడితే అనుకరణగానే మిగులుతుంది. ఒకటో రెండో నవలలు పూర్తిచేసి, మీ వాక్యం మీకు స్థిరపడిన తరువాత దీని దగ్గరకు వెళితే నష్టం లేదు.

దఫ్తరు, గడీ, ముచ్చట: చిల్లర దేవుళ్లు

దాశరథి రంగాచార్య నవల 'చిల్లర దేవుళ్లు' 1969 నాటిది. కథాకాలం మాత్రం నిజాం పాలన నాటి తెలంగాణ పల్లె. గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు), దొర, కరణం, వెట్టి, ఆడబాప (దొర ఇంటి దాసి) వంటి మాటలు చరిత్ర పుస్తకంలో నిర్వచనాలుగా ఉంటాయి, ఇక్కడ మనుషులుగా నడుస్తాయి. సంగీతం తెలిసిన పాణిని బయటి నుంచి ఆ పల్లెకు వస్తాడు కాబట్టి, ఆ ప్రాంతపు మాటలు తెలియని పాఠకుడు కూడా అతనితో పాటే నేర్చుకుంటూ పోవచ్చు.

కోస్తా పాఠకులు ఈ నవలలోని మాటలను 'యాస' అని పక్కన పెట్టడం ఒక పాత జబ్బు. ముచ్చట అంటే ఒకరికి ముద్దూ మురిపెమూ, మరొకరికి సంభాషణ. రెండూ తెలుగే, రెండూ తెలిసినవాడికే అనువాదంలో సరైన మాట సమయానికి అందుతుంది. ఉర్దూ మాటల సంగతి ఇంకా లౌకికమైనది. దస్తావేజు, వకాల్తా, పంచనామా, జమాబందీ, ఫసలీ వంటివి రెండు రాష్ట్రాల రెవెన్యూ కచేరీల్లోనూ న్యాయస్థానాల్లోనూ ఈనాటికీ నిత్యవ్యవహారం. వకీళ్లు, విలేకరులు, గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు ఈ రకం పదజాలానికి సంస్కృత సమాసాల కంటే ముందు పీట వేయాలి. నిడివి తక్కువగా, భాష మరింత సూటిగా ఉన్నది కావాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'తో మొదలుపెట్టవచ్చు.

మరి కొన్ని, క్లుప్తంగా

మనసు గురించి రాసేవారికి, అంటే కథకులకూ వ్యాసకర్తలకూ సాహిత్యానువాదకులకూ, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వేరే రకమైన పాఠశాల. అందులో కష్టమైన మాటలు తక్కువ, దగ్గర దగ్గర మాటల మధ్య తేడాలు ఎక్కువ. తల్లి మీద లోకం వేసిన మచ్చను మోసే దయానిధి కథ చదువుతూ, నింద, అపవాదు, అభాండం, నీలాపనింద అన్న నాలుగు మాటలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. నింద ఎదురుగా కూడా వేయవచ్చు; అపవాదు నలుగురి నోళ్లలో తిరుగుతుంది; అభాండం ఆధారం లేకుండా ఒకరి నెత్తిన వేసేది; నీలాపనింద ఏ పాపం ఎరగనివాడు మోసేది, చవితి చంద్రుణ్ణి చూసిన కృష్ణుడి మీద పడినట్టు. ఉన్నత పదసంపద అంటే కొరుకుడుపడని మాటలు తెలియడం అనుకునేవారికి ఈ నవల మందు.

సంగీత చిత్రకళల మాటలు కావలసినవారికి 'నారాయణరావు' ఉంది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలతో కలిసి చదవాలనుకునే తల్లిదండ్రులు మాత్రం ఇవేవీ కాకుండా మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టరు పార్వతీశం' మొదటి భాగం పట్టుకోవాలి. మొగల్తూరు నుంచి బయలుదేరి ఇంగ్లండు చేరే కుర్రవాడి అగచాట్లు కాబట్టి నవ్వు చదివిస్తుంది; అది ఇచ్చేది కఠినపదాలను కాదు, సంభాషణలో అలవోకగా దొర్లే జాతీయాలను. ఆ పిల్లలకు కొరత అక్కడే.

నిఘంటువూ, ప్రతీ, పెన్సిలూ

నవలకు తగ్గ నిఘంటువు ఎంచుకోకపోతే సగం శ్రమ వృథా. గ్రాంథిక నవలలకు బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' చాలు. ఎనిమిది సంపుటాల 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' ఇంట్లో ఉండనవసరం లేదు, గ్రంథాలయంలో ఉన్నా సరిపోతుంది. వాడుక మాటలకూ, ఆంగ్లంలో అర్థం చూస్తే తప్ప తృప్తి పడని వారికీ సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువు ఇప్పటికీ మెరుగు. వీటిలో అనేకం 'ఆంధ్రభారతి' వెబ్‌సైటులో ఒకే చోట వెతకవచ్చు కాబట్టి ఇప్పటి చదువరికి కొనుగోలు భారం లేదు. క్రియలను ధాతురూపంలో వెతకాలన్నది మాత్రం మరవకూడదు: 'చూచు', 'పోవు', 'చేయు'.

కొనే పుస్తకపు ప్రతి గురించి ఒక ఆర్థికపు మాట. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు రచన మీద హక్కులు తీరిపోతాయి. 1919లో గతించిన వీరేశలింగం, 1958లో గతించిన ఉన్నవ, 1961లో గతించిన ఆళ్వారుస్వామి రచనలు అందువల్ల ఉచితంగా చదువుకోదగినవే. విశ్వనాథ, రంగాచార్య నవలలను కొనాలి, లేదా గ్రంథాలయంలో తీసుకోవాలి. ఏది తీసుకున్నా సంక్షిప్త ముద్రణ కాదని చూసుకోండి. సంక్షిప్తం చేసేవారు మొదట కత్తిరించేది వర్ణనలను, మీరు వెతుకుతున్న మాటలు ఉండేది సరిగ్గా అక్కడే.

చదివే పద్ధతిలో నేను పాటించేది ఇది. కొనే ముందు పుస్తకం నడిమి భాగంలో ఏవైనా మూడు పేజీలు తెరిచి, తెలియని మాటలు లెక్కపెడతాను. పేజీకి నాలుగు నుంచి ఎనిమిది ఉంటే ఆ నవల నా స్థాయికి తగినది. పదిహేను దాటితే ఇంకా సమయం రాలేదు. ఒకటో రెండో అయితే అది కాలక్షేపం. మొదటి చదువులో నిఘంటువు ముట్టను, పెన్సిలుతో గీత మాత్రం గీస్తాను. ప్రకరణం ముగిశాక వెనక్కి వచ్చి చూస్తే, గీసిన వాటిలో కొన్ని ముందుకు చదవగానే వాటంతట అవే తెలిసిపోయి ఉంటాయి. మిగిలిన వాటిలో రోజుకు మూడింటిని మాత్రమే నా నోటు పుస్తకంలోకి ఎక్కిస్తాను, ఒంటిగా కాకుండా పరివారంతో సహా. నా పుస్తకంలో 'తగవు' ఉన్న పుట ఇలా ఉంటుంది: తగవు పడు, తగవు తెచ్చు, తగవు తీర్చు, తగవరి; ఇప్పుడు పోట్లాట, పూర్వం న్యాయం; 'తగు' నుంచి వచ్చింది, తగినది ఏదో తేల్చడం. కింద ఆ వారంలో నేను నిజంగా రాసిన ఒక ఉత్తరంలోనో వ్యాసంలోనో ఆ మాట వాడిన వాక్యం ఉంటుంది. వాడే సందర్భం నెల రోజుల దాకా రాకపోతే ఆ మాట నాకు అవసరం లేనిదని కొట్టేస్తాను, దాని మీద బెంగ పెట్టుకోను.

ఎనభై పేజీలు దాటినా గీతలు తగ్గకుండా, కథ మీద ఆసక్తి పుట్టకుండా ఉంటే ఆ నవలను మొండిగా లాగవద్దు. రెండో ఎంపికకు వెళ్లండి. గీసిన గీతలను మాత్రం చెరపకండి. ఏడాది తరువాత అదే పుస్తకం మళ్లీ తెరిస్తే, వాటిలో సగం మాటల కింద గీత ఎందుకు గీశారో మీకే అంతుపట్టదు.